సంగటి ఆగదు: హైదరాబాదు పెద్ద హోటల్లో సీమ భోజనం

నల్లరాతి పలక మీద నిమ్మకాయంత సంగటి ముద్ద. నడిమధ్య గుంట, గుంటలో చెంచాడు నెయ్యి. పక్కన గుప్పిట్లో పట్టేంత రాగి గిన్నెలో నాటుకోడి పులుసు, దాని మీద ఒకే ఒక్క కొత్తిమీర ఆకు. హైదరాబాదులో హైటెక్ సిటీ వైపున్న ఒక ఐదు నక్షత్రాల హోటలు వాళ్లు 'రాయలసీమ టేస్టింగ్ మెనూ' పేరుతో ఏడు విడతలుగా వడ్డించే భోజనంలో ఇది నాలుగో విడత. ఫోటోకు చాలా బాగుంటుంది. వేలితో తాకితే మాత్రం ముద్ద పైన పొర కట్టి ఉంటుంది, తుంచబోతే తోలులా సాగుతుంది.

హోటలు పేరు రాయడం లేదు. మెనూలు మారుతుంటాయి, వంటమాస్టర్లు మారుతుంటారు, ఈ నెల చెడ్డది వచ్చే నెలకు బాగుపడొచ్చు. ఇలాంటి మెనూ ఎక్కడ కనబడినా చూసుకోవాల్సిన సంగతులు మాత్రం ఇవే.

కర్నూలు నుంచి హైదరాబాదుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. పెళ్లి బట్టలకో, ఆసుపత్రికో, పిల్లల కాలేజీకో పోయినవాళ్లు రాత్రికి ఒక మంచి చోట తిందామనుకుంటే ఇలాంటి హోటల్లో ఇద్దరికి ఆరేడు వేలు ఇట్టే అయిపోతాయి. అంత డబ్బు పోసి మనింట్లో దొరికే తిండే తినాలా అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. ఈ ఏడు విడతల్లో మూడు మన ఊళ్లో దొరికేదాని కంటే బాగున్నాయి, రెండు పర్వాలేదు, రెండు పూర్తిగా చెడ్డాయి. అదేదో అదృష్టం కొద్దీ జరిగింది కాదు. వండాక కాసేపు ఉంటే రుచి పెరిగే వంటలు కొన్ని ఉంటాయి, గడియ కూడా ఆగలేనివి కొన్ని ఉంటాయి. పెద్ద హోటలు వంటిల్లు మొదటి రకానికి పుట్టింది. రెండో రకం దగ్గరకొచ్చేసరికి దాని తెల్ల టోపీలూ ఇత్తడి పాత్రలూ ఏవీ పనికిరావు.

సంగటి సంగతే చూడండి. గ్లాసు నూకలకు గ్లాసు రాగిపిండి, దాదాపు ఐదు గ్లాసుల నీళ్లు. ఎసరు మరిగాక నూక వేసి, అది మెత్తబడి ఇంకా గంజి మిగిలి ఉండగానే పిండిని కుప్పగా పోస్తారు. అప్పుడు కలపరు. తెడ్డు కాడతో కుప్ప మధ్యలో ఒక బొక్క పొడిచి, మూత పెట్టి, సన్నసెగ మీద ఎనిమిది పది నిమిషాలు వదిలేస్తారు. ఆ బొక్కలోంచి గంజి ఉబికి వచ్చి పిండిని ఆవిరి మీద ఉడికిస్తుంది. ఆ తర్వాతే గిన్నెను కాళ్ల మధ్య బిగించి కెలికేది. తొందరపడి ముందే కలిపితే పిండి ఉండలు కడుతుంది, ఉండ లోపల పచ్చిపిండి మిగిలిపోయి నాలుకకు సున్నంలా తగులుతుంది. సరిగ్గా ఉడికిందో లేదో చూడాలంటే తడిచేత్తో తాకితే చాలు, వేలికి అంటకూడదు.

ఈ హోటల్లో ఉడకడం వరకు తప్పు లేదు. ఉండలు లేవు, పచ్చివాసన లేదు, నూక కూడా కనీకనిపించకుండా కలిసిపోయింది. తప్పంతా ఆ తర్వాతే. రాగిపిండిలోని గంజిపదార్థం చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది. మధ్యాహ్నం మెస్సుల్లో ఒంటిగంటకు గిన్నె దించితే ఒంటిన్నరకల్లా ఖాళీ, అందుకే అక్కడ ఈ గొడవ రాదు. పెద్ద హోటల్లో ఏడు గంటలకు ఒక టేబులు, ఏడుంబావుకు ఇంకొకటి, చివరిది పదిన్నరకు. ప్రతి టేబులుకూ కొత్తగా కెలికే మనిషి ఉండడు. సాయంత్రమే ఒక పెద్ద గిన్నె కెలికి, వేడినీళ్ల తొట్టెలో దించిపెట్టి, ఆర్డరు వచ్చినప్పుడల్లా అందులోంచి ముద్ద చేసి పంపుతారు. మూత పెడితే మూతకు పట్టిన ఆవిరి నీళ్లై కారి పైభాగం జిగురవుతుంది. మూత తీస్తే పొర కడుతుంది. రెండింట్లో ఏది నయమని అడిగితే ఏదీ కాదు.

దానికి తోడు సైజు. టెంకాయంత ముద్ద లోపల చాలాసేపు పొగలు కక్కుతూనే ఉంటుంది, కాబట్టి తినేవాడు నిదానంగా తినొచ్చు. నిమ్మకాయంత ముద్ద రెండు మూడు నిమిషాల్లో చల్లబడిపోతుంది. పైగా రాతిపలక. పలకను ముందుగా ఓవెన్లో వేడిచేసి తెస్తే కొంత మేలు, చల్లటి పలక మీద పెడితే అడుగునుంచి వేడినంతా అదే లాగేస్తుంది. అందం కోసం పెట్టిన రెండు వస్తువులూ వంటకు శత్రువులయ్యాయి.

ఇది సరిచేయలేని తప్పేమీ కాదు. కుర్చీలో కూర్చోగానే, మంచినీళ్ల కంటే ముందు, వెయిటరుతో ఒక మాట అనండి.

"అన్నా, సంగటి ఎప్పుడు కెలికినారు?"

"సాయంత్రమే సార్, వేడిగానే ఉంటుంది."

"మా ఇద్దరికీ కొత్తగా కెలికించు. అరగంటైనా పర్వాలేదు, నాలుగో విడతకు కదా."

నలుగురు మనుషులకు సరిపడే సంగటి చిన్న గిన్నెలో కెలకడానికి అరగంట చాలు, అంతలోపు మొదటి మూడు విడతలు ఎట్లాగూ నడుస్తుంటాయి. అడిగితే కాదనరు. ముద్దలు కొంచెం పెద్దవిగా, మామూలు పింగాణీ గిన్నెలో పెట్టమని కూడా చెప్పండి. అట్లా చేయించిన సంగటిని మొదటి సంగటితో పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే వంటిల్లు చేసిందంటే నమ్మలేం.

ఇక దాని తోడు, నాటుకోడి పులుసు. కోడి నిజంగా నాటుదే. ఎముక గట్టిగా ఉంది, తొడముక్క కొరికితే పళ్లకు పని తగులుతుంది, తోలు తీయకుండా మంట మీద కాల్చిన వాసన సన్నగా వస్తోంది. బాయిలరు కోడి ఇరవై పాతిక నిమిషాలకు ఉడికి పీచుపీచుగా విడిపోతుంది, నాటుకోడికి తక్కువలో తక్కువ ముక్కాలు గంట కావాలి. హోటలు వంటింటికి ఇది ఇబ్బంది కాదు, పొద్దున వండిన పులుసు రాత్రికి ఇంకా బాగుంటుంది. ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు వేయించి నూరిన మసాలా బాగా పట్టింది. ఉప్పు, పులుపు సమంగా కుదిరాయి.

అయినా ఈ పులుసు సంగటికి పనికిరాదు. ఎందుకంటే చిక్కగా ఉంది. జీడిపప్పు ముద్ద కలిపి, వడగట్టి, మళ్లీ సెగ మీద సగానికి ఇగరబెట్టారు. చెంచాతో నాకడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ సంగటిని ఎవరూ నమలరు. తుంచి, పులుసులో అద్ది, గుటుక్కున మింగుతారు. పులుసు పల్చగా, గరుకు మసాలాతో, పైన నూనె తేలుతూ ఉంటేనే ముద్ద గొంతులోకి జారుతుంది. చిక్కటి గ్రేవీలో అద్దితే ముద్ద అక్కడే అంటుకుపోతుంది, గొంతులో అడ్డం పడుతుంది. పైగా వడగట్టడంలో కొబ్బరి, గసగసాల గరుకంతా పోయింది, సంగటి నున్నదనానికి ఎదురుగా నిలబడేదే ఆ గరుకు. 'కొంచెం లూజుగా, వడగట్టకుండా' అని అడిగితే తెచ్చిస్తారు. పరిమాణం మాత్రం సరిపోదు. ముద్దకు నాలుగు గరిటెల పులుసు కావాలి, వీళ్లిచ్చేది ఒకటిన్నర. రెండోసారి అడిగితే బిల్లులో విడిగా పడుతుందా అని ముందే కనుక్కోండి.

రంగు గురించి ఒక మాట. ఈ మెనూలో ప్రతి ఎర్రటి వస్తువూ చూడ్డానికి మండిపోతున్నట్టుంటుంది, నోట్లో పెడితే ఏమీ ఉండదు. అది బ్యాడిగి మిరపకాయ చేసే మాయ. బ్యాడిగి రంగిస్తుంది, కారం తక్కువ. గుంటూరు కాయ కారమిస్తుంది, రంగు అంత గొప్పగా ఉండదు. మన ఇళ్లల్లో రెండూ కలిపి కొట్టించుకుంటాం. హోటళ్లు పరాయి రాష్ట్రం అతిథులను దృష్టిలో పెట్టుకుని బ్యాడిగి ఒక్కటే వాడతాయి. 'కారం ఎక్కువ' అంటే వీళ్లు పైన మిరియాల పొడి చల్లి తెస్తారు, అది వేరే కారం, వంటలో కలవదు. వేయించిన ఎండుమిరపకాయలు నాలుగు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు విడిగా తెప్పించుకోవడం నయం.

పూర్తిగా చెడిన రెండో వంటకం జొన్నరొట్టె. జొన్నలో గోధుమలో ఉండే జిగట ఉండదు. అందుకే మరిగే నీళ్లు పోసి పిండి కలుపుతారు, ఆ వేడికి పిండిలో కొంత భాగం ఉడికి అంటుకునే గుణం వస్తుంది. కలిపిన వెంటనే, వేడి ఉండగానే, అరచేత్తో తడుతూ పల్చగా చేసి పెనం మీద వేస్తారు. పైన తడిగుడ్డతో నీళ్లద్దుతారు. ఈ పని అలవాటున్న చేతులే చేయాలి. అలవాటు లేని చేతుల్లో అంచులు పగులుతాయి. పగుళ్లు రాకుండా ఉండటానికి హోటళ్లు పట్టే దొంగదారి పిండిలో గోధుమపిండి కలపడం, చపాతీలా కర్రతో ఒత్తడం. పట్టుకోవడం తేలిక. రొట్టెను రెండు చేతులతో పట్టి లాగండి. జొన్నరొట్టె పుటుక్కున తెగుతుంది, తెగిన అంచు గరుకుగా ఉంటుంది. సాగి, పొర పొరగా చిరిగితే అందులో గోధుమ ఉంది. ఇక్కడ ఇచ్చిన రొట్టె సాగింది. గోధుమ పడనివాళ్లు, షుగరుకని జొన్న అడిగేవాళ్లు ఇది గమనించుకోవాలి. మెనూలో మాత్రం ఒట్టి జొన్న అనే రాసుంది.

ఒకవేళ నిజమైన జొన్నరొట్టే దొరికినా పెనం దిగిన నాలుగైదు నిమిషాల్లో తినేయాలి. ఏడు విడతల భోజనంలో రొట్టెను నీళ్లగ్లాసుతో పాటు ముందే తెచ్చి గుడ్డ కప్పి పెట్టడం ఎవరికి తట్టిన ఆలోచనో. గుడ్డ కింద చెమటపట్టి మెత్తని అట్టముక్క అవుతుంది. గుత్తివంకాయ టేబులు మీదికి వచ్చాకే రొట్టె కాల్చమని చెప్పండి.

ఆ గుత్తివంకాయ కోసం మాత్రం మళ్లీ వెళ్లొచ్చు. పిల్లకాయలు, ఒక్కోటి కోడిగుడ్డు కంటే చిన్నది, తొడిమె తీయకుండా నాలుగు పక్షాలుగా చీల్చారు. వేరుశనగపప్పు, నువ్వులు, ఎండుకొబ్బరి విడివిడిగా వేయించినట్టు తెలుస్తుంది, ఎందుకంటే ఏదీ మాడలేదు. మూడూ ఒకే బాణలిలో పోస్తే నువ్వులు ముందు మాడి చేదెక్కుతాయి, పప్పు పచ్చిగానే ఉంటుంది. కాయ లోపలి గింజ దాకా ఉప్పు, చింతపులుపు దిగాయి. అంటే కూరి, మగ్గించి, కనీసం నాలుగైదు గంటలు వదిలేశారు. నూనె పక్కకు తేలి ఉంది, అది గానుగ చెనిక్కాయ నూనె, వాసన చెబుతుంది. నూనె విషయంలో ఇంత ఖర్చు పెట్టే హోటళ్లు తక్కువ, చాలాచోట్ల పొద్దుతిరుగుడు రిఫైండు నూనె పోసి 'విలేజ్ స్టైల్' అని పేరు పెడతారు.

అలసందవడ కూడా మెచ్చుకోదగ్గదే. నీళ్లు పోయకుండా బరకగా రుబ్బారు, అక్కడక్కడా పప్పు బద్దలుగా పంటికి తగులుతుంది, అల్లం పచ్చిమిర్చి ఘాటు నిలిచింది. పిండి పల్చనైతే వడ నూనె తాగుతుంది. దీన్ని కాగితం మీద పెట్టి నొక్కితే చుక్క కూడా దిగలేదు. మొదటి విడత కాబట్టి వంటింటి నుంచి నేరుగా వస్తుంది, ఆగే పని లేదు. మనిషికి రెండే, అదొక్కటే లోటు.

ఉగ్గానిని 'పఫ్డ్ రైస్ ఉప్మా విత్ మిర్చి క్రిస్ప్' అని రాసి, గాజు గ్లాసులో పొరలు పొరలుగా పేర్చి, పైన ఏవో మొలకలు పెట్టి ఇచ్చారు. బొరుగులను నీళ్లలో ముంచి వెంటనే పిండేయాలి. వీళ్లు పిండారు, బాగానే పిండారు. పుట్నాలపొడి, ఎండుకొబ్బరి, నిమ్మరసం కుదిరాయి. గ్లాసులో కుక్కడంతో అడుగున ఉన్నది ముద్దైపోయింది, చివరి మూడు చెంచాలు పాయసంలా వచ్చాయి. బజ్జీ లేదు, బజ్జీ మీది పిండి కరకరలు మాత్రం చల్లారు. ఉగ్గానికి బజ్జీ లేకపోతే ఎట్లా? కర్నూల్లో బండి మీద ఆకులో తిన్నదాంతో పోల్చి బాధపడే పని లేదు, దీన్ని వేరే వంటకం అనుకుంటే పర్వాలేదు.

కడప కారందోశను చిన్న గొట్టంలా చుట్టి నిలబెట్టారు. ఎర్రకారం, అంటే ఉల్లి, వెల్లుల్లి, నానిన ఎండుమిరపకాయలు కలిపి నూరింది, దోశ పైన తడి ఆరాక పూస్తేనే దోశ కరకరలాడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు పూస్తే ఉల్లినీళ్లు దోశలోకి దిగి మధ్యలో చెమ్మ మిగులుతుంది. ఇక్కడ సరిగ్గానే పూశారు. కారం సగమే. పుట్నాలపొడి బాగుంది. పర్వాలేదు.

చివరి విడత భక్షాలు. పూర్ణం మెత్తగా, శనగపప్పు పలుకు లేకుండా, బెల్లం పాకం ముదరకుండా ఉంది. పైపొర వెలుగుకు పట్టి చూస్తే లోపలి పూర్ణం కనిపించేంత పల్చన, అంటే మైదాపిండిని నూనెలో చాలాసేపు నానబెట్టారు. అన్నీ బాగున్నాక దాని మీద ఒక ఉండ వెనీలా ఐస్‌క్రీం పెట్టారు! వేడి భక్షం మీద ఐస్‌క్రీం పెడితే నెయ్యి గడ్డకట్టి పైపొర బిరుసెక్కుతుంది, నాలుకకు మైనం రాసినట్టుంటుంది. ఐస్‌క్రీం విడిగా గిన్నెలో ఇమ్మని, భక్షం మీద నెయ్యే పోయమని చెప్పండి. అప్పుడు ఈ మెనూ మొత్తంలో అన్నిటికంటే మంచి వంటకం ఇదే.

వడ్డన గురించి. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య పన్నెండు పదిహేను నిమిషాలు తీసుకుంటారు, మొత్తం రెండు గంటలు పైనే. ముసలివాళ్లు, షుగరు మందులు వేసుకునేవాళ్లు, చిన్నపిల్లలు వెంట ఉంటే ఇది ఇబ్బంది. అసలు సీమ భోజనం విడతలుగా తినేది కూడా కాదు. సంగటి, పులుసు, ఊరుబిండి (వేరుశనగ పచ్చడి), ఉల్లిపాయ అన్నీ ఒకేసారి ముందుండాలి, ఏది ఎప్పుడు నంజుకోవాలో తినేవాడిష్టం. వీళ్లు ఊరుబిండిని రెండో విడతలో చిన్న బిస్కెట్టు మీద పెట్టి ఇచ్చి, సంగటి వచ్చేసరికి గిన్నె తీసేశారు. గిన్నె ఉంచమంటే ఉంచుతారు. మూడు, నాలుగు, ఐదు విడతలు కలిపి ఒకేసారి తెమ్మన్నా తెస్తారు.

చేత్తో తినడానికి ఎవరూ అడ్డు చెప్పరు. సంగటి పలకతో పాటు గోరువెచ్చని నిమ్మనీళ్ల గిన్నె కూడా తెచ్చారు, ఈ మర్యాద బాగుంది. ఆ నీళ్లు చేతులకే, తాగడానికి కాదు. వెయిటర్లు వినయంగా ఉన్నారు, కానీ వంటకం గురించి బట్టీపట్టింది చెబుతున్నారు. 'ఇందులో నూక ఏ బియ్యం?' అని అడిగితే లోపలికి పోయి కనుక్కొని వచ్చారు. కనుక్కొని రావడం మంచి గుణమే. వేరుశనగ పడనివాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. నూనె, చట్నీ, వంకాయ కూర, పొడులు అన్నిట్లోనూ అదే ఉంటుంది. బుకింగు అప్పుడే చెప్పాలి, టేబులు దగ్గర చెబితే మార్చగలిగింది తక్కువ.

బిల్లు దగ్గర మూడు చోట్ల చూడాలి.

మొదటిది జీఎస్టీ. విడిగా ఉండే రెస్టారెంటు ఎంత ఖరీదైనదైనా పన్ను 5 శాతమే. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటలు లోపల ఉన్న రెస్టారెంటుకు 18 శాతం. ఆరు వేల భోజనం బయట రెస్టారెంటులో 6,300 అయితే, పెద్ద హోటలు లోపల 7,080. మెనూలో ధరల పక్కన చిన్న అక్షరాల్లో 'పన్నులు అదనం' అని రాస్తారు, ఆర్డరు ఇచ్చేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి. మందు మీద జీఎస్టీ ఉండదు, రాష్ట్రం పన్ను వేరే పడుతుంది. ఆ రెండూ బిల్లులో విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి.

రెండోది సర్వీస్ ఛార్జి. ఇది పన్ను కాదు, ప్రభుత్వానికి పోదు. బిల్లులో తమంతట తామే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. పది శాతం సర్వీస్ ఛార్జి కలిపితే దాని మీద కూడా జీఎస్టీ పడుతుంది. అదే ఆరు వేలు, ఆరు వందల ఛార్జితో 6,600 అయి, పన్నుతో 7,788 అవుతుంది. అంటే 708 రూపాయలు ఎక్కువ. తీసేయమని నెమ్మదిగా అడిగితే చాలు, గొంతు పెంచే అవసరం రాదు. తీయకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయొచ్చు. వడ్డించిన కుర్రాడికి ఇవ్వాలనుకుంటే నోటు నేరుగా అతని చేతికే ఇవ్వండి.

మూడోది నీళ్లు. కూర్చోగానే 'స్టిల్లా, స్పార్క్లింగా?' అంటారు. ఆ రెండూ కొనే నీళ్లే. సీసా మీద ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకోవడానికి హోటళ్లకు, రెస్టారెంట్లకు వీలుందని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది, కాబట్టి తర్వాత వాదించి లాభం లేదు. 'మామూలు ఫిల్టరు నీళ్లు' అని మొదటే చెప్పాలి. ఈ హోటల్లో చెబితే మొహం మార్చకుండా తెచ్చిచ్చారు.

సీమ వంట ఇంట్లో దొరుకుతుంది, పెద్ద ఊళ్లో వేరేదే తినాలి అనుకునేవాళ్లకు దారి వేరు. ఏ ఊరి పెద్ద హోటల్లోనైనా ఆ ఊరి వంటే అడగడం తెలివి. హైదరాబాదులో అయితే ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని 'అదా' హైదరాబాదీ వంటలకే పెట్టింది. ప్యాలెస్ కట్టడం 1893లో పూర్తయింది, తాజ్ వాళ్లు 2010లో హోటలుగా తెరిచారు, 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉన్నది అక్కడే. గది తీసుకోకుండా తినడానికి మాత్రమే వెళ్లేవాళ్లు తప్పకుండా ముందే బుక్ చేసుకోవాలి, గేటు దగ్గర ఆ పేరు చూసే లోపలికి వదులుతారు. ఐటీసీ కోహెనూర్‌లో 'దమ్ పుఖ్త్ బేగమ్స్' ఉంది. దమ్ పుఖ్త్ పద్ధతి వంటంతా మూత అంచుకు పిండి మెత్తి, సన్నసెగ మీద గంటలు గంటలు ఉంచేదే, అంటే ఆగితే బాగుపడే వంట. పెద్ద హోటలుకు సరిగ్గా సరిపోయే వంట.

అనంతపురం వాళ్లకు హైదరాబాదు కంటే బెంగళూరే దగ్గర, 215 కిలోమీటర్ల లోపు. అక్కడ రెసిడెన్సీ రోడ్డులో 'కరవళ్లి' 1990 నుంచి పడమటి కోస్తా వంటలు వండుతోంది, చేపల పులుసులకు పేరు. కడప నుంచి చెన్నై పోయేవాళ్లకు తాజ్ కోరమాండల్‌లో 'సదరన్ స్పైస్' ఉంది, దక్షిణాది నాలుగు వైపుల వంటలూ దొరుకుతాయి.

ఈ సీమ మెనూకే పోదామనుకుంటే ఫోనులో అడగాల్సినవి ఇవి. ఏడు విడతలు కాకుండా విడి వంటకాలు ఆర్డరు ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చు అంటే గుత్తివంకాయ, అలసందవడ, నాటుకోడి పులుసు లూజుగా, భక్షాలు, అంతే. మగవాళ్లకు చెప్పులు, నిక్కర్లు వద్దంటారా, పంచె కట్టుకుని రావచ్చా? పదేళ్లలోపు పిల్లలకు వేరే ధర ఉందా? శాకాహారులకు పులుసు బదులు ఏమిస్తారు? (ఇక్కడ ఉలవచారు ఇస్తారు, అది కూడా చిక్కనే, అది కూడా లూజుగా అడగాలి.) కారు పార్కింగు ఉచితమా?

టేబులు మాత్రం ఏడు గంటలకే చెప్పండి, తొమ్మిదికి వద్దు. ఈ హోటల్లో సాయంత్రం గిన్నె దించేది ఆరున్నర, ఆరూ నలభై ప్రాంతంలో. కొత్తగా కెలికించడం కుదరకపోయినా ఏడుకు కూర్చుని సంగటిని మొదటి విడతగా తెమ్మంటే పొర కట్టకముందే మీ ముందుంటుంది.